మూడు సంఖ్యల చిరునామా



ఒక ఊరికి పేరుండిన చాలును, ఆ ఊరిని కనుగొనవచ్చునని మనము సాధారణముగా తలంచుచుందుము. మన ప్రాంతమున ఈ తలంపు ఎల్లప్పుడును నిలువదు. కోరాపుట్ జిల్లాలోని జయపురమునే తీసికొనుడు. రాజస్థాన రాష్ట్రపు రాజధాని పేరును జయపురమే. ఆంగ్లమున వ్రాయునపుడు రెండింటికిని అక్షరములలో కొంత భేదము చూపుదురు గాని, చెవికి రెండును ఒక్కటే. ఇక రాయగడ మాట చూడుడు. 1992 అక్టోబరు 2వ తేదీన కోరాపుట్ జిల్లానుండి వేరుపడిన రాయగడ జిల్లాకు రాయగడ ముఖ్యపట్టణము. అదే దినమున గంజాం జిల్లానుండి వేరుపడిన గజపతి జిల్లాలోను రాయగడ యను పేరుగల బ్లాకు మరియొకటి కలదు. ఇవి గాక, ఒకే ఊరి పేరు తెలుగున నొకరీతిగను, ఒడియాలో నింకొకరీతిగను, ఆంగ్లమున వేరొకరీతిగను వ్రాయబడుట మనకు నిత్యానుభవము. బడి పుస్తకములో నొక రూపము, బస్సు బోర్డుపై నింకొక రూపము, కార్డుపై మూడవ రూపము!

కావున స్థలమును తెలుపుటకు పేరుతో బాటు మరియొక సాధనము కావలెను. ఆ సాధనము సంఖ్య. ఒక స్థలము ఎచ్చటనున్నదో తెలుపు సంఖ్యలకు గణితమున నిరూపకములని పేరు. నిరూపించుట యనగా స్పష్టముగ చూపుట. స్థలమును స్పష్టముగ చూపునవి గనుక అవి నిరూపకములైనవి.

అయితే సంఖ్య యెల్ల చిరునామా కానేరదు. సంఖ్య చిరునామా కావలెనన్న నాలుగు ప్రశ్నలకు సమాధానము తెలియవలెను: ఎచ్చటినుండి లెక్కించితిమి? ఏ దిక్కునకు లెక్కించితిమి? ఏ కొలతతో లెక్కించితిమి? ఏ వరుసలో వ్రాసితిమి? ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తెలియకున్నను సంఖ్య వట్టి సంఖ్యయే. ఈ పాఠమంతయు ఈ నాలుగు ప్రశ్నలను గూర్చియే.

ఈ విషయమును బోధించుటకు నేడు మీలో పెక్కురు ఎరిగిన యొక ఆట మిక్కిలి అనుకూలముగా నున్నది. ముందుగా దానిని పరిశీలించి, పిదప మన నేలపైకి వత్తము.

పిచ్చుకగూళ్ళ లోకము

ఏటి యిసుకలో పిల్లలు పిచ్చుకగూళ్ళు కట్టుచుందురు. అందు గెలుపు లేదు, ఓటమి లేదు. ఎవరికి తోచినది వారు కట్టుదురు, పడగొట్టి మరల కట్టుదురు. కంప్యూటరుపైనను, ఫోనుపైనను ఇట్టి స్వేచ్ఛతో ఆడు ఆటలు గలవు. వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది మైన్‌క్రాఫ్ట్. స్వీడను దేశమున మార్కస్ పెర్సన్ అను నతడు దీనిని ప్రారంభించెను. 2009వ సంవత్సరమున తొలిరూపము వెలువడెను. 2011 నవంబరున సంపూర్ణరూపము ప్రకటింపబడెను. 2014లో మైక్రోసాఫ్ట్ సంస్థ దీనిని కొనెను.

ఈ ఆటలోని లోకమంతయు ఘనాకారపు దిమ్మలతో నిర్మితము. మట్టి యొక దిమ్మ, రాయి యొక దిమ్మ, నీరును దిమ్మయే. ఒక్కొక్క దిమ్మ పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కొక్క మీటరుగా భావింపబడును. కంప్యూటరు రూపమున ఈ లోకము నడిమి బిందువునుండి నలుదిక్కుల దాదాపు 3 కోట్ల దిమ్మల దూరము వ్యాపించియుండును. అనగా ఒక అంచునుండి ఎదుటి అంచునకు 60,000 కిలోమీటర్లు. మన భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లే గదా! ఇంత విశాలమైన చోట ఇల్లు కట్టుకొని, నాలుగడుగులు కొండ దాటి పోయినవాడు మరల ఇల్లు చేరుటెట్లు? అందుకే ఈ ఆటలో ప్రతి దిమ్మకును మూడు సంఖ్యలు గలవు.

సంఖ్యలు కనబడు విధము

కంప్యూటరుపై ఆడు జావా రూపమున మీటలపలకపై నుండు ఎఫ్-3 అను మీటను నొక్కినచో తెరపై వ్రాత కనబడును. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ అను మీటతో కలిపి నొక్కవలసియుండును. ఆ వ్రాతలో ఎక్స్, వై, జెడ్ అను మూడక్షరముల ప్రక్కన మూడు సంఖ్యలుండును. ఆటగాడు ఏ దిక్కునకు ముఖము పెట్టి నిలిచెనో ఆ వివరమును అచ్చటనే యుండును.

ఫోనుపై ఆడు బెడ్‌రాక్ రూపమున ఎఫ్-3 మీట లేదు. లోకమును సృష్టించునపుడు గాని, పిదప గాని, సెట్టింగులలో ‘షో కోఆర్డినేట్స్’ అనుదానిని తెరచినచో, తెర యెడమప్రక్క పైభాగమున మూడు సంఖ్యలు నిలిచియుండును. నడచుచున్నకొలది అవి మారుచుండుట చూడుడు. నాలుగడుగులు నడచి ఏ సంఖ్య పెరిగెనో, ఏది తరిగెనో, ఏది కదలక నిలిచెనో గమనించుటయే ఈ పాఠమున మొదటి అభ్యాసము.

సంఖ్యలను చదువు విధము

మొదటి ప్రశ్న: ఎచ్చటినుండి? మూడు సంఖ్యలును సున్నయైన చోటు మూలబిందువు. ఆట ప్రారంభమున మనము నిలుచు చోటే మూలబిందువని కొందరు భ్రమపడుదురు. అట్లు కానక్కరలేదు, రెండును వేరు వేరు. మరియొక విశేషము. ఆటలోని సామాన్యపు దిక్సూచి ఉత్తరమును చూపదు. ఆట ప్రారంభమైన చోటును చూపును. మన లోకపు దిక్సూచి వలె దానిని నమ్మి ఉత్తరమనుకొని పోయినవాడు దారి తప్పును.

రెండవ ప్రశ్న: ఏ దిక్కునకు? ఎక్స్ అనునది తూర్పుపడమరలను తెలుపును. తూర్పునకు పోవుకొలది పెరుగును; మూలబిందువునకు పడమరయందు ఋణసంఖ్య యగును. జెడ్ అనునది ఉత్తరదక్షిణములను తెలుపును. ఇచ్చట జాగ్రత్త వలయును. దక్షిణమునకు పోవుకొలది జెడ్ పెరుగును. ఉత్తరమున ఋణసంఖ్య యగును. గణితపుస్తకములోని పటమున పైకి పోవుకొలది సంఖ్య పెరుగుటకు అలవాటుపడిన మనకు ఇది తలక్రిందులుగ తోచును. తప్పేమియు లేదు, అది ఆ ఆట ఏర్పరచుకొన్న నియమము. వై అనునది ఎత్తు.

మన పెద్దలు ఇల్లు కట్టునపుడు నాలుగు మూలలను పేర్లతో చెప్పుదురు. ఆ పేర్లతోనే ఈ నియమమును జ్ఞాపకముంచుకొనవచ్చును. ఎక్స్, జెడ్ రెండును ధనసంఖ్యలైన ఆ చోటు మూలబిందువునకు ఆగ్నేయము. ఎక్స్ ధనము, జెడ్ ఋణమైన ఈశాన్యము. రెండును ఋణములైన వాయవ్యము. ఎక్స్ ఋణము, జెడ్ ధనమైన నైరృతి. సంఖ్యలముందున్న గుర్తులను చూచినంతనే మూల తెలిసిపోవును. సూర్యుడు ఆ లోకమునను తూర్పుననే ఉదయించును; మేఘములు పడమరకు సాగును. కావున సంఖ్యలు కనబడనపుడు ఆకాశమును చూచియైనను దిక్కు తెలిసికొనవచ్చును.

మూడవ ప్రశ్న: ఏ కొలత? ఒక సంఖ్యకు ఒక దిమ్మ. ఎత్తు విషయమున మాత్రము సున్న సముద్రమట్టము కాదని గుర్తింపవలెను. ఈ లోకమున సముద్రమట్టము 63. 2021 నవంబరున వెలువడిన మార్పు తరువాత అడుగున -64 మొదలు పైన 320 వరకు మాత్రమే ఎత్తు గలదు. అనగా మొత్తము 384 దిమ్మలు. వజ్రములు కావలసినవారు -59 చేరువకు త్రవ్వుదురు. లోతునకు పోవుకొలది అవి యెక్కువగా దొరకును.

ఈ లెక్కను మన కొండలతో పోల్చి చూడుడు. ఒడిశాలో నెల్ల ఎత్తైన శిఖరము మన కోరాపుట్ జిల్లాలోని దేవమాలి; సముద్రమట్టమునకు 1,672 మీటర్లు. ఆటలో దానిని ఉన్నదున్నట్లు నిలుపవలెనన్న శిఖరాగ్రము 1,735 చేరవలెను. ఆ లోకపు ఆకాశము 320తోనే ముగిసిపోవును. డెన్మార్కు దేశపు భూమాపన శాఖవారు 2014లో తమ దేశమునంతయు ఒక మీటరునకు ఒక దిమ్మ చొప్పున ఈ ఆటలో నిర్మించి చూపిరి. ఆ దేశమున ఎత్తైన నేల 171 మీటర్లే గనుక అది సాధ్యమైనది. మన దేవమాలికి ఆ లోకము చాలదు!

నాలుగవ ప్రశ్న: ఏ వరుస? ఆటలో ముందు ఎక్స్, నడుమ వై, చివర జెడ్. ఎత్తు నడుమ నుండుట మరువరాదు. 120, 64, -340 అని వ్రాసినచో, తూర్పునకు 120, ఎత్తు 64, ఉత్తరమునకు 340 అని చదువవలెను.

దూరము కట్టు విధము

సంఖ్యలు తెలిసిన తరువాత వాటితో పని చేయించుకొనవలెను. మీ ఇల్లు 120, 64, -340 వద్ద నున్నదనుకొనుడు. ఒక గుహ 420, -12, 60 వద్ద నున్నది. ఎంత దూరము? ఏ దిక్కు?

ఎక్స్ లో భేదము 420 నుండి 120 తీసివేయగా 300; పెరిగినది గనుక తూర్పు. జెడ్ లో భేదము 60 నుండి -340 తీసివేయగా 400. ఋణసంఖ్యను తీసివేయుట కూడుటయే యని తరగతిలో నేర్చితిరి గదా. ఇదియు పెరిగినది గనుక దక్షిణము. కావున గుహ మీ ఇంటికి ఆగ్నేయదిశ నున్నది. ఇక లంబకోణ త్రిభుజ నియమము. 300 వర్గము 90,000, 400 వర్గము 1,60,000, మొత్తము 2,50,000, దాని వర్గమూలము 500. గుహ సమతలమున 500 దిమ్మల దూరమున గలదు. సెకండునకు సుమారు 4.3 దిమ్మలు నడచు ఆటగాడు అడ్డంకులు లేనిచో రెండు నిమిషములలో చేరును. చేరినపిమ్మట ఎత్తు 64 నుండి -12కు, అనగా 76 దిమ్మలు క్రిందికి దిగవలెను.

పైథాగరసు పేరుతో మీరు చదువు ఈ నియమము మన బౌధాయన శుల్బసూత్రములందును చెప్పబడినది. పరీక్షకొరకు వల్లించిన సూత్రము ఇట్లు దారి చూపునపుడు అది మరపునకు రాదు.

ఈ లోకము గాక పాతాళము వంటి ‘నెదర్’ అను మరియొక లోకము గలదు. అచ్చట ఒక దిమ్మ నడచిన, పైలోకమున 8 దిమ్మలు నడచినట్లు. కావున పైలోకమున ఎక్స్ 800, జెడ్ -1600 అయిన చోటునకు నెదర్ లో సరియైన చోటు ఎక్స్ 100, జెడ్ -200. ఎత్తును మాత్రము భాగింపరాదు. కొలత మారిన సంఖ్యయు మారునని దీనివలన తెలియుచున్నది.

ఆటగాడు మరణించినచో అతని వస్తువులు పడినచోటనే యుండును. ఆటగాడు ఆ సమీపమున నున్న కాలములో లెక్కించిన 5 నిమిషములకు మాయమగును. తాను తిరుగు చోటుల సంఖ్యలను ఎప్పటికప్పుడు నోటుబుక్కున వ్రాసికొనువాడు తిన్నగా అచ్చటికి పోయి తెచ్చుకొనును. వ్రాసికొననివాడు వెదకుచుండగనే కాలము గడచిపోవును.

మన నేలపై నిరూపకములు

ఇట్లు ఒక స్థలమును సంఖ్యలతో నిరూపించు పద్ధతిని ఫ్రెంచి పండితుడగు రెనే డెకార్ట్ 1637లో ప్రకటించిన జ్యామితి గ్రంథమున గణితమునకు సాధనముగ చేసెను. భూగోళముపై స్థలములను గుర్తించుటకు అంతకు బహుకాలము పూర్వమే అక్షాంశ రేఖాంశములు వాడుకలో నుండెను. అక్ష, అంశము కలిసి సవర్ణదీర్ఘసంధి వలన అక్షాంశమైనది. రేఖా, అంశము కలిసి రేఖాంశమైనది. అంశమనగా భాగము, ఇచ్చట డిగ్రీ. ఒడియా పాఠ్యపుస్తకములలో అక్షాంశమును మన వలెనే అక్షాంశ మందురు; రేఖాంశమును ద్రాఘిమ అందురు. దీర్ఘ శబ్దమునకు సంబంధించినదే ఈ ద్రాఘిమ. పొడవు అని అర్థము. రెండు భాషల పిల్లలును ఒకే సంస్కృత భాండాగారమునుండి మాటలు తెచ్చుకొనుచున్నారు.

మన నాలుగు ప్రశ్నలను మరల వేసికొందము. ఎచ్చటినుండి? ఉత్తరదక్షిణములకు భూమధ్యరేఖ సహజమైన మొదలు. తూర్పుపడమరలకు అట్టి సహజమైన మొదలు లేదు, మనుష్యులు నిర్ణయించుకొనవలసినదే. మన జ్యోతిష సిద్ధాంతకర్తలు ఉజ్జయిని గుండా పోవు రేఖను మొదలుగా గైకొనిరి. 1884లో వాషింగ్టను నగరమున జరిగిన సమావేశమున ఇంగ్లండులోని గ్రీనిచ్ రేఖ సున్నగా అంగీకరింపబడినది. ఏ దిక్కునకు? అక్షాంశము ఉత్తరమునకు పెరుగును, రేఖాంశము తూర్పునకు పెరుగును. దక్షిణము, పడమర ఫోనులోని పటమున ఋణసంఖ్యలుగా కనబడును. ఆటలో ఉత్తరము ఋణము; భూమిపై ఉత్తరము ధనము. ఈ భేదమును గట్టిగా పట్టుకొనుడు.

కోరాపుట్ పట్టణము 18 డిగ్రీల 49 నిమిషముల ఉత్తర అక్షాంశము, 82 డిగ్రీల 43 నిమిషముల తూర్పు రేఖాంశమున గలదు. రాయగడ 19 డిగ్రీల 10 నిమిషములు, 83 డిగ్రీల 25 నిమిషములు. జయపురము 18 డిగ్రీల 51 నిమిషములు, 82 డిగ్రీల 34 నిమిషములు. రాజస్థానపు జయపురము 26 డిగ్రీల 55 నిమిషములు, 75 డిగ్రీల 47 నిమిషములు. పేరు వినినపుడు ఒక్కటిగ నున్న రెండు నగరములు సంఖ్య చూచినంతనే వేరుపడినవి గదా!

ఇచ్చట మనకు గర్వకారణమగు విషయ మొకటి కలదు. భారతదేశమంతయు అనుసరించు కాలమునకు ఆధారము 82 డిగ్రీల 30 నిమిషముల రేఖాంశము. ఉత్తరప్రదేశములోని మీర్జాపురము చేరువగా పోవు నని మీరు చదువుచున్న ఆ రేఖ మన కోరాపుట్ జిల్లాగుండ కూడ పోవుచున్నది. జయపురమునకు పడమరగా ఏడెనిమిది కిలోమీటర్ల దూరమున, జయపురమునకును కోట్పాడునకును నడుమ, అది సాగి, దక్షిణమున తుని చేరువ సముద్రతీరమును చేరును. భూమి ఒక డిగ్రీ తిరుగుటకు 4 నిమిషముల కాలము పట్టును. 82½ను 4 చే గుణించిన 330 నిమిషములు; అనగా 5 గంటల 30 నిమిషములు. గ్రీనిచ్ కాలముకంటె మన గడియారము అంత ముందుండుటకు కారణమిదియే. 1906 జనవరి 1నుండి ఈ కాలము అమలులోనికి వచ్చినది.

ఏ కొలత? ఇచ్చట ఆటకును భూమికిని ముఖ్యమైన భేదము గలదు. ఆటలోని నేల చదును; దిమ్మ ఎచ్చటనైనను దిమ్మయే. భూమి గుండ్రనిది. ఉత్తరదక్షిణములుగ ఒక నిమిషము సుమారు 1.85 కిలోమీటర్లు. రేఖాంశములు ధ్రువములవైపు దగ్గరగుచు పోవును గనుక మన అక్షాంశమున తూర్పుపడమరలుగ ఒక నిమిషము సుమారు 1.75 కిలోమీటర్లే. దీనితో కోరాపుట్, రాయగడల దూరము కట్టి చూతము. అక్షాంశ భేదము 21 నిమిషములు, సుమారు 39 కిలోమీటర్లు. రేఖాంశ భేదము 42 నిమిషములు, సుమారు 74 కిలోమీటర్లు. 39 వర్గమును, 74 వర్గమును కూడిన 6,997. వర్గమూలము సుమారు 84. పక్షి యెగిరినచో 84 కిలోమీటర్లు, ఈశాన్యదిశగా. కొండలను చుట్టుకొని పోవు బస్సునకును రైలునకును దూరము ఇంతకంటె చాల యెక్కువ. సంఖ్య చోటును చూపును, దారిని చూపదు.

మూడవ సంఖ్యయగు ఎత్తు ఇచ్చటను కావలెను. కోరాపుట్ సముద్రమట్టమునకు సుమారు 870 మీటర్ల ఎత్తున, రాయగడ సుమారు 200 మీటర్ల ఎత్తున నున్నవి. ఒకే జామున కోరాపుట్ లో కంబళి, రాయగడలో చెమట ఏల యని యడుగువారికి ఆ మూడవ సంఖ్యయే సగము జవాబు.

పూర్వము ఈ సంఖ్యలను కనుగొనుట మహాకష్టము. 1802 ఏప్రిల్ 10వ తేదీన విలియం లాంబ్టన్ మద్రాసు చేరువ పరంగిమలవద్ద గొలుసుతో ఆధారరేఖను కొలుచుట నారంభించి, అచ్చటినుండి త్రిభుజమునకు త్రిభుజమును చేర్చుకొనుచు దేశమును కొలుచు మహాకార్యమునకు పునాది వేసెను. నేడు సుమారు 20,000 కిలోమీటర్ల ఎత్తున తిరుగు ఉపగ్రహములు పంపు సంకేతములను అందుకొని, కనీసము నాలుగింటి సాయమున, చేతిలోని ఫోనే లెక్కకట్టుచున్నది.

ఫోనులోని పటమున కావలసిన చోట వ్రేలునుంచి కొంతసేపు నొక్కిపట్టినచో గుర్తు పడి, రెండు సంఖ్యలు కనబడును. కోరాపుట్ పట్టణమునకు 18.8135, 82.7123 అని యుండును. దశాంశమును 60చే గుణించిన నిమిషములు వచ్చును: .8135ను 60చే గుణించిన 48.8, అనగా సుమారు 49 నిమిషములు. దశాంశమున ఒక్క అంకెయే వ్రాసిన 11 కిలోమీటర్ల వరకు తేడా రావచ్చును. నాలుగంకెలు వ్రాసిన తేడా 11 మీటర్లలో నుండును. ఇల్లు చూపుటకు నాలుగంకెలు చాలును.

నాలుగవ ప్రశ్నయగు వరుసను చివరకు నిలిపితిని. తప్పు జరుగునది ఎక్కువగా ఇచ్చటనే. పటమున ముందు అక్షాంశము, తరువాత రేఖాంశము. అనగా ముందు ఉత్తరము, తరువాత తూర్పు. గణితమునను, ఆటయందును ముందు తూర్పు. ఈ వరుసను తారుమారు చేసి 82.7123, 18.8135 అని వ్రాసినచో ఆ చోటు కోరాపుట్ కాదు. ఉత్తరధ్రువము చేరువ మంచుసముద్రము! అంకెలన్నియు సరియైనవే; వరుస ఒక్కటే తప్పినది.

ఇది ఎందులకు?

మన జిల్లాలలో కొండల నడుమ చిన్న చిన్న పల్లెలు పెక్కులు గలవు. ఒకే పేరుగల పల్లెలు వేరువేరు పంచాయతీలలో నుండుట గలదు. రాత్రివేళ రోగికొరకు 108కు ఫోను చేసినపుడు, వచ్చువారు ఆ ప్రాంతమునకు క్రొత్తవారైన, పేరొక్కటే చాలకపోవచ్చును. ఊరి పేరు, పంచాయతీ పేరు, బ్లాకు పేరు చెప్పిన పిమ్మట ఈ రెండు సంఖ్యలను కూడ చదివి వినిపింపగలిగిన, లేదా పంపగలిగిన, సందేహమునకు తావుండదు. ఉపగ్రహముల సంకేతమునకు ఫోను కంపెనీ సిగ్నలు అక్కరలేదు. కాని సిగ్నలు లేనిచోట పటము తెరుచుకొనకపోవచ్చును. కావున సంఖ్యలను ముందుగనే వ్రాసికొని ఇంట గోడపై అంటించుట మేలు. ఇల్లు, బడి, ఆసుపత్రి, బస్సు ఆగు చోటు, అమ్మమ్మగారి ఊరు: ఈ అయిదింటి సంఖ్యలు ప్రతి విద్యార్థి నోటుబుక్కున నుండవలెను.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లవాడు ఆటలో మునిగియున్నాడని విసుగుకొనుటకు ముందు, “నీ ఇల్లు ఏ సంఖ్యల వద్ద నున్నది? అచ్చటికి దూరమెంత?” అని అడిగి చూడుడు. లెక్కకట్టి చెప్పగలిగిన అతడు కొంత చదువును ఆడుచున్నాడు. చెప్పలేనిచో కాగితము పెన్సిలు ఇచ్చి లెక్క కట్టించుడు. ఆటకు కాలపరిమితి నుంచుట మాత్రము మీ బాధ్యతయే.

మరియొక హెచ్చరిక. ఇంటర్నెట్టున తెలియనివారితో కలసి ఆడునపుడు ఆటలోని ఇంటి సంఖ్యలు చెప్పిన, వారు వచ్చి దోచుకొనవచ్చును. అది ఆటతో పోవును. నిజమైన ఇంటి సంఖ్యలు చెప్పిన, అది ఆటతో పోదు. ఫోనుతో తీసిన ఫోటోలోను ఆ చోటి సంఖ్యలు దాగియుండవచ్చును. చిరునామా ఎవరికి చెప్పవలెనో ఎరుగుటయు చిరునామా నేర్చుటలో భాగమే.

సంఖ్య వచ్చినదని పేరును విడువరాదు. మన ప్రాంతము 1936 ఏప్రిల్ 1 వరకు మద్రాసు రాజధానిలో నుండి, ఆ దినమున ఏర్పడిన ఒరిస్సా రాష్ట్రమున చేరినది. పాలన మారినది, కాగితములపై లిపి మారినది, దేవమాలి కదలలేదు. సంఖ్య ఊరు ఎచ్చటనున్నదో తెలుపును. ఆ ఊరిని మన పెద్దలు ఏమని పిలిచిరో పేరు తెలుపును. ఒక దానిని తెలుగులోను ఒడియాలోను చక్కగా వ్రాయుట నేర్వుడు. రెండవ దానిని నాలుగు ప్రశ్నలతో సరిచూచుకొనుట నేర్వుడు.

అభ్యాసము

1. ఆటలో -250, 70, 130 వద్ద నున్న ఇల్లు మూలబిందువునకు ఏ మూల నున్నది?

2. 100, 65, 200 నుండి -50, 40, 0 కు సమతలమున దూరమెంత? ఏ మూలకు పోవలెను?

3. పైలోకమున ఎక్స్ 640, జెడ్ -960 అయిన చోటునకు నెదర్ లో సరియైన చోటేది?

4. 82 డిగ్రీల 30 నిమిషముల రేఖపై మధ్యాహ్నమగుటకు ఎంత ముందుగా రాయగడలో మధ్యాహ్నమగును?

5. మీ ఊరి పేరును తెలుగు, ఒడియా, ఆంగ్ల లిపులలో వ్రాసి, దాని క్రింద అక్షాంశ రేఖాంశములను నాలుగు దశాంశస్థానముల వరకు వరుస తప్పక వ్రాయుడు.

జవాబులు: 1. నైరృతి. 2. 250 దిమ్మలు, వాయవ్యము. 3. ఎక్స్ 80, జెడ్ -120. 4. 3 నిమిషముల 40 సెకండ్లు. 5. ఈ జవాబును మీ ఇంటివారికి చూపి, వారిచే సరిచూపించి తరగతికి తెండు.